గోడ న్యూట్రినోను ఎందుకు ఆపలేదు, మనల్ని ఎందుకు ఆపుతుంది?

మాస్టారికి నమస్కారం. శ్రీకాకుళం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే మీరు పంపిన ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను, ఎందుకంటే అందులో ఉన్నవి మూడు ప్రశ్నలు. పదో తరగతి పిల్లలకు న్యూట్రినోల గురించి, అంటే సూర్యుడి నుంచి నిరంతరం వచ్చే, కంటికి కనబడని అతి సూక్ష్మ కణాల గురించి చెబుతూ, పరమాణువులో దాదాపు అంతా ఖాళీయే కాబట్టి అవి దేని గుండానైనా దూసుకుపోతాయని మీరు వివరించారు. అప్పుడు అరసవల్లి నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, సూర్యకిరణాలు మా గుడిలో స్వామి పాదాలను ఏడాదిలో కొద్ది రోజులే తాకుతాయి కదా, మరి ఈ న్యూట్రినోలు రోజూ గోడల్లోంచి లోపలికి వస్తున్నాయా అని అడిగింది. రాత్రి కూడా వస్తాయా అని మళ్లీ అడిగింది. రెండింటికీ మీరు అవునన్నారు. వెంటనే ఆమె, "గోడలో అంతా ఖాళీయే అయితే నేనెందుకు దానికి గుద్దుకుంటాను మాస్టారూ?" అంది. తరగతంతా నవ్వింది. ఆ నవ్వులో ప్రశ్న కొట్టుకుపోకూడదని మీరు నాకు రాశారు. అందుకు నాకు ఎంతో సంతోషం కలిగింది.

విజయనగరంలో డిగ్రీ విద్యార్థులకు 30 ఏళ్లకు పైగా ఈ పాఠం చెప్పిన అనుభవంతో చెబుతున్నాను: ఆ అమ్మాయి మూడో ప్రశ్నే అసలైన ప్రశ్న. ఖాళీ కారణంగానే న్యూట్రినోలు దాటిపోతున్నాయన్న వివరణ పుస్తకాల్లోనూ ఉపన్యాసాల్లోనూ ఎంతగానో పాతుకుపోయింది, కానీ ఆ ఒక్క ప్రశ్న దగ్గర అది కూలిపోతుంది.

ముందుగా ఖాళీ ఎంతో చూద్దాం. మా విజయనగరం కోట చదరంగా, ఒక్కో పక్క సుమారు 240 మీటర్లు ఉంటుంది. ఆ కోటంతటినీ ఒక పరమాణువు అనుకుంటే, దాని నడుమ కేంద్రకం ఆవగింజంత ఉంటుంది. పరమాణువు బరువులో నూటికి 99.9 పాళ్లకు పైగా ఆ ఆవగింజలోనే ఇమిడి ఉంటుంది. ఈ కొలత విన్న ఎవరికైనా, ఇంత పెద్ద కోటలో ఒక ఆవగింజను తప్పించుకుని పోవడం ఏమంత కష్టమని అనిపిస్తుంది. కళింగపట్నం రేవులో పెద్ద కన్నాల వల వేస్తే చిన్న చేప జారిపోయినట్టు, న్యూట్రినో కూడా చిన్నది కాబట్టి పరమాణువుల సందుల్లోంచి జారిపోతోందన్న ఊహ అక్కడే పుడుతుంది. ఊహ ముచ్చటగానే ఉంది కానీ, ఇద్దరు సాక్షులు దాన్ని నిలవనివ్వరు.

మొదటి సాక్షి ఎలక్ట్రాన్. ఇంతవరకు జరిగిన ఏ ప్రయోగంలోనూ ఎలక్ట్రాన్‌కు కొలవదగిన పరిమాణం కనబడలేదు. చిన్నతనంలో అది న్యూట్రినోకు ఏమాత్రం తీసిపోదు. సందుల్లోంచి జారిపోవడమే రహస్యమైతే ఎలక్ట్రాన్ కూడా హాయిగా జారిపోవాలి. అయితే 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే ప్రమాణమిది) శక్తితో దూసుకొచ్చే ఎలక్ట్రాన్ కేవలం 2 మిల్లీమీటర్ల మందమున్న అల్యూమినియంలో ఆగిపోతుంది. మన వంటింట్లోని మందపాటి గిన్నె దానికి కోటగోడ. ఇంచుమించు అదే శక్తి గల న్యూట్రినోను నమ్మకంగా ఆపాలంటే మాత్రం సీసంతో కాంతి సంవత్సరాల మందాన గోడ కట్టాలి. ఒక కాంతి సంవత్సరమంటే సుమారు 9.5 లక్షల కోట్ల కిలోమీటర్లు. అంత గోడకు కావలసిన సీసం ఏ భూమిలోనూ దొరకదు. పరమాణువుల్లో ఖాళీ ఇద్దరికీ ఒక్కటే, ఇద్దరి చిన్నతనమూ ఒక్కటే, అయినా ఒకరు గిన్నెలో చిక్కారు, ఒకరు గోడ దాటి వెళ్లారు.

ఎలక్ట్రాన్‌కు విద్యుదావేశం ఉంది కాబట్టి ఆగింది, న్యూట్రినోకు లేదు కాబట్టి ఆగలేదు అని చురుకైన పిల్లలు ఈపాటికి చేతులెత్తుతారు. వారు చెప్పింది సగం వరకు నిజం. మిగిలిన సగం కోసం రెండో సాక్షిగా న్యూట్రాన్‌ను పిలవాలి. న్యూట్రాన్‌కు కూడా విద్యుదావేశం లేదు, పరమాణువులోని ఎలక్ట్రాన్లను అది దాదాపు లెక్క చేయదు. అయినప్పటికీ రియాక్టర్‌లో పుట్టిన వేగవంతమైన న్యూట్రాన్ నీళ్లలోకి వస్తే, ప్రతి కొన్ని సెంటీమీటర్లకూ ఏదో ఒక హైడ్రోజన్ కేంద్రకాన్ని ఢీకొంటూ వేగం కోల్పోతుంది. రెండు మీటర్ల నీళ్లు దాటి బయటపడటం దానికి చాలా అరుదు. కేంద్రకాలను కట్టిపడేసే బలమైన కేంద్రక బలం న్యూట్రాన్ మీద కూడా పనిచేయడమే అందుకు కారణం. ఆవేశం లేకపోయినంత మాత్రాన దారి తెరుచుకోదని న్యూట్రాన్ సాక్ష్యం చెబుతోంది.

అందువల్ల పదార్థంలో ఎంత ఖాళీ ఉందని అడగడం మానేసి, వచ్చే కణానికీ ఆ పదార్థానికీ మధ్య ఏ బలాల ద్వారా పరిచయం ఉందని అడగాలి. మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడితే ఈ సంగతి కళ్లకు కడుతుంది. విజయదశమి తర్వాతి మంగళవారం నాడు ఆ వీధిలో ఇసుక వేస్తే రాలదు. ఊరంతా చుట్టాలున్న మనిషి అక్కడి నుంచి కోట వరకు నడవాలనుకుంటే సాయంత్రానికి కూడా చేరడు, ఎందుకంటే అడుగడుగునా ఎవరో ఒకరు చేయి పట్టుకుని, "ఎప్పుడొచ్చావురా, అమ్మ కులాసాయేనా, భోజనానికి ఇంటికి రాకపోతే ఊరుకోను" అంటూ నిలబెడతారు. ఎలక్ట్రాన్ అలాంటి మనిషి. ప్రతి పరమాణువులోనూ దానికి చుట్టాలే. న్యూట్రాన్‌కు చుట్టాలు తక్కువ, కానీ ఆవగింజ ఇంటివారితో మాత్రం గాఢమైన స్నేహం ఉంది. న్యూట్రినోను ఆ వీధిలో పలకరించేవారే లేరు. ఈ పోలికను పిల్లలకు చెప్పినప్పుడు దాని హద్దు కూడా చెప్పండి: జనంలో పరిచయం లేనివారి భుజాలు కూడా మనకు తగులుతాయి, ఆ తగలడం కూడా విద్యుత్ బలం చేసే పనే. న్యూట్రినోకు భుజాలు లేవు.

ఈ భుజాల మాట దగ్గరే ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబుంది. ఆమె చేయి గోడను తాకినప్పుడు చేతిలోని ఏ కేంద్రకమూ గోడలోని ఏ కేంద్రకాన్నీ తాకదు; ఆవగింజలు ఒకదానికొకటి అంతంత దూరంలోనే ఉంటాయి. అడ్డుపడేవి ఎలక్ట్రాన్లు. పరమాణువులో ఎలక్ట్రాన్ ఒక మూల కూర్చుని ఉండదు, కోటంతటా పరుచుకుని ఉంటుంది. ఒక ఎలక్ట్రాన్ ఇంకో ఎలక్ట్రాన్‌ను వికర్షిస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండటానికి ప్రకృతి ఒప్పుకోదు. పెళ్లిలో బంతి భోజనాల దగ్గర ఒక విస్తరి ముందు ఒక్కరే కూర్చోగలరు. కింది అంతస్తులో విస్తళ్లన్నీ నిండితే కొత్తగా వచ్చినవారు మెట్లెక్కి పై అంతస్తుకు పోవాలి. చేతిలోని ఎలక్ట్రాన్లను గోడలోని ఎలక్ట్రాన్లున్న చోటికి నెట్టాలంటే వాటిని అలా పై అంతస్తులకు ఎక్కించాలి, అందుకు కావలసిన శక్తి మన కండల్లో లేదు. కాబట్టి గోడ న్యూట్రినోకు ఖాళీ మైదానం, మన చేతికి నిండిన బంతి. ఎవరికి ఖాళీ అని అడగకుండా ఖాళీ అన్న మాటకు అర్థం లేదు.

నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. విస్తరికి ఒక్కరే అన్న ఈ వర్జన నియమాన్ని 1925లో కనిపెట్టినవాడు వోల్ఫ్‌గాంగ్ పౌలీ. ఐదేళ్ల తర్వాత, బీటా విఘటనంలో, అంటే కేంద్రకం ఒక ఎలక్ట్రాన్‌ను వెలువరించి మరో కేంద్రకంగా మారేటప్పుడు, కొంత శక్తి లెక్కకు అందకుండా పోతున్నదని భౌతికశాస్త్రవేత్తలు తలపట్టుకుని కూర్చున్నప్పుడు, ఆ శక్తిని ఎవరికీ కనబడని ఒక తటస్థ కణం పట్టుకుపోతున్నదేమోనని ప్రతిపాదించినవాడు కూడా ఆయనే. మనల్ని గోడ దగ్గర ఆపే నియమమూ, గోడను లక్ష్యపెట్టని కణమూ ఒకే బుర్రలోంచి వచ్చాయి. 1930 డిసెంబర్ 4న జ్యూరిక్ నుంచి ఆయన ట్యూబింగెన్‌లో జరిగే సమావేశానికి ఉత్తరం రాశాడు. అక్కడికి చేరినవారిని "రేడియోధార్మిక" స్త్రీపురుషులారా అని సంబోధించి, తన ప్రతిపాదనను వివరించి, తాను స్వయంగా రాలేకపోవడానికి కారణం కూడా తెలిపాడు: డిసెంబర్ 6 రాత్రి జ్యూరిక్‌లో జరిగే నృత్యోత్సవానికి ఆయన తప్పనిసరిగా వెళ్లాలి. విశ్వంలో అత్యంత సమృద్ధిగా ఉన్న కణాల్లో ఒకటైన న్యూట్రినో మొట్టమొదటిసారి ప్రపంచానికి పరిచయమైనప్పుడు, దాని తండ్రి ఆ పేరంటానికి రాకుండా నాట్యానికి వెళ్లాడు. న్యూట్రినో అన్న పేరు తరువాత ఇటలీలో ఫెర్మీ బృందంలో పుట్టింది. ఆ భాషలో దానికి చిన్న తటస్థ కణమని అర్థం.

ఇక న్యూట్రినోకు అసలు పరిచయమే లేదా అంటే, ఒకటుంది. గురుత్వాకర్షణ అందరికీ ఉన్నదే కాబట్టి దాన్ని పక్కన పెడదాం; మిగిలినది బలహీన కేంద్రక బలం. దీని సందేశాలను మోసేవి డబ్ల్యూ, జెడ్ అనే రెండు రకాల కణాలు, అవి రెండూ చాలా బరువైనవి. డబ్ల్యూ బరువు ప్రోటాన్ బరువుకు 80 రెట్లకు పైగా ఉంటుంది. న్యూట్రినో దేన్నైనా పలకరించాలంటే ఈ కణాల్లో ఒకదాన్ని క్షణకాలం పుట్టించాలి. దాన్ని నేను తరగతిలో చేబదులుతో పోల్చేవాణ్ణి. ప్రకృతి శక్తిని చేబదులుగా ఇస్తుంది, కానీ మొత్తం పెద్దదయ్యే కొద్దీ గడువు కుదించేస్తుంది. సూర్యుడి నుంచి వచ్చే సాధారణ న్యూట్రినో దగ్గర 3 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటే, డబ్ల్యూ కణం ఖరీదు 8,000 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. చేతిలో 3 రూపాయలున్నవాడు 8 లక్షల రూపాయల చేబదులు అడిగినట్టన్నమాట. ఇచ్చేవారు ఇచ్చినా, చేయి వెనక్కి తీసుకోకముందే తిరిగి కట్టమంటారు. అంత తక్కువ వ్యవధిలో ఆ కణం వెళ్లగలిగే దూరం ప్రోటాన్ పరిమాణంలో సుమారు వెయ్యో వంతు మాత్రమే. ఇది పోలిక మాత్రమే, అసలు గణితం వేరే విధంగా సాగుతుంది. అయినా ఫలితాన్ని ఇది సరిగానే సూచిస్తుంది. తక్కువ శక్తి గల న్యూట్రినోకు ప్రోటాన్ కనబడే వైశాల్యం, ఆ ప్రోటాన్ అసలు వైశాల్యంలో సుమారు పదివేల కోట్ల కోట్లలో ఒక భాగం. కోటలోని ఆవగింజకు న్యూట్రినో నేరుగా ఎదురుగా వచ్చినా, దాదాపు ప్రతిసారీ ఆ ఆవగింజలోంచే దూరి అవతలికి వెళ్లిపోతుంది. ఖాళీ వాదనకు ఇంతకంటే గట్టి సమాధానం నాకు తెలియదు: కోటంతా ఆవగింజలతో కిక్కిరిసి నింపినా న్యూట్రినో సులభంగానే దాటుతుంది.

1934లో హాన్స్ బెతే, రుడాల్ఫ్ పైర్ల్స్ ఈ లెక్కలు కట్టి, న్యూట్రినోను గమనించడానికి ఆచరణలో మార్గమేదీ లేదని తేల్చారు. వారి లెక్క సరైనదే. కాకపోతే, ఒక్కొక్క న్యూట్రినో తగిలే అవకాశం అత్యల్పమైనా, వచ్చేవాటి సంఖ్యను అంతులేకుండా పెంచితే ఎప్పుడో ఒకటి తగులుతుందన్న మొండి ధైర్యం ఫ్రెడరిక్ రైన్స్, క్లైడ్ కోవన్ అనే ఇద్దరికి కలిగింది. మొదట వారు వేసిన పథకం వింటే పిల్లలు కుర్చీల్లోంచి లేచి నిలబడతారు. ఒక అణుబాంబు పేల్చాలి. దానికి 40 మీటర్ల దూరంలో లోతైన నుయ్యి తవ్వి, బాంబు పేలే క్షణంలో పరికరాన్ని అందులోకి స్వేచ్ఛగా జారవిడవాలి, అలా చేస్తే భూకంపనం దానికి తగలదు. అది పడే చోట దెబ్బ తగలకుండా నూతి అడుగున పక్షి ఈకలూ స్పంజీ పరవాలి. ఈకల పరుపు మీద పడి పరికరం న్యూట్రినోలను లెక్కపెడుతుంది! తర్వాత ఇంకా మంచి ఉపాయం తట్టింది. న్యూట్రినో జాతికే చెందిన యాంటీన్యూట్రినో ప్రోటాన్‌కు తగిలితే ఒక పాజిట్రాన్ (ధనావేశమున్న ఎలక్ట్రాన్ జంటకణం), ఒక న్యూట్రాన్ పుడతాయి. పాజిట్రాన్ మెరుపు వెంటనే కనబడుతుంది, న్యూట్రాన్ మెరుపు సెకనును పది లక్షల భాగాలు చేస్తే అందులో కొన్ని భాగాలు గడిచాక కనబడుతుంది. ఈ జంట మెరుపులను గుర్తుపడితే బాంబు అక్కర్లేదు, మామూలు అణు రియాక్టర్ చాలు. 1956లో అమెరికాలోని సవన్నా రివర్ రియాక్టర్ దగ్గర వారికి గంటకు సుమారు 3 న్యూట్రినోలు చిక్కాయి. ఆ ఏడాది జూన్ 14న పౌలీకి తంతి కొట్టారు. ఓపిక పట్టడం తెలిసినవాడికి అన్నీ దక్కుతాయన్న అర్థంలో ఆయన జవాబు రాశాడు. రైన్స్‌కు నోబెల్ బహుమతి 1995లో వచ్చింది. అప్పటికే కోవన్ కన్నుమూసి 21 ఏళ్లయింది.

మన దేశం పేరు కూడా ఈ కథలో మొదటి వరుసలోనే ఉందని పిల్లలకు తప్పక చెప్పండి. తెలుగు మాట వాడుకలో ఉన్న కోలారు బంగారు గనుల్లో, భూమికి సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడను 1965లో టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు జపాన్, బ్రిటన్ శాస్త్రజ్ఞులతో కలిసి పట్టుకున్నారు. దాదాపు అదే సమయంలో దక్షిణాఫ్రికా గనిలో రైన్స్ బృందం కూడా పట్టుకుంది. అంత లోతుకు దిగడం న్యూట్రినోలను వెతకడానికి కాదు, అవి పైనా అంతే ఉంటాయి; ఆకాశం నుంచి నిరంతరం కురిసే ఇతర కణాల రొదను పై రాయి ఆపుతుంది కాబట్టి దిగారు. సంత గోలలో చిన్నపిల్ల మాట వినాలంటే తలుపులు మూయక తప్పదు.

ఇప్పుడు అరసవల్లికి వద్దాం. సూర్యుడి వెలుతురు గర్భాలయంలోకి వెళ్లాలంటే ద్వారాలు, మండపం, సూర్యుడి దిక్కు అన్నీ ఒక వరుసలో కుదరాలి. అందుకే మార్చిలోనూ అక్టోబర్‌లోనూ కొద్ది ఉదయాల్లోనే ఆ దర్శనం లభిస్తుంది, ఆ క్షణం కోసం జనం తెల్లవారుజామునే బారులు తీరుతారు. అదే సూర్యుడి గర్భంలో పుట్టిన న్యూట్రినోలకు ఏ వరుసా అక్కర్లేదు. ఇక్కడ ప్రతి చదరపు సెంటీమీటరు గుండా, అంటే బొటనవేలి గోరంత చోటులోంచి, సెకనుకు సుమారు 6,500 కోట్లు ఏడాది పొడవునా వెళుతూనే ఉంటాయి. సూర్యుడి నడిబొడ్డున పుట్టిన వెలుగు దారిలో లెక్కలేనన్ని సార్లు తట్టుకుంటూ ఉపరితలానికి చేరడానికి వేల ఏళ్లు పడుతుంది. అక్కడే పుట్టిన న్యూట్రినో 2 సెకన్లు దాటగానే సూర్యుడి బయట ఉంటుంది, మరో 8 నిమిషాలకు మన ఊరు చేరుతుంది. ఈ ఉదయం గుడి మెట్ల మీద మనల్ని తాకిన ఎండ ఎన్నో తరాల నాడు సూర్యుడిలో పుట్టిన శక్తి అయితే, మనలోంచి వెళ్లిన న్యూట్రినో మాత్రం మనం కొబ్బరికాయ కొనే వేళకు పుట్టినది.

రాత్రి కూడా అవి వస్తాయి, అయితే కాళ్ల కింది నుంచి వస్తాయి. అర్ధరాత్రి అరసవల్లిలో నిద్రపోతున్న మనిషిలోకి వచ్చే న్యూట్రినోలు భూమి అవతలి పక్కన పసిఫిక్ మహాసముద్రం వైపున లోపలికి దిగి, 12 వేలకు పైగా కిలోమీటర్ల రాతినీ, కరిగిన ఇనుమునూ దాటి, మంచం కింద నుంచి పైకి వస్తాయి. ఆ ప్రయాణానికి సెకనులో 25వ వంతు పడుతుంది. కనురెప్ప వాలేటంత వ్యవధి కూడా కాదు. దారిలో ఆగిపోయేవి వేల కోట్లలో ఏదో ఒకటి. జపాన్‌లో కిలోమీటరు లోతున 50,000 టన్నుల శుద్ధజలంతో కట్టిన సూపర్ కామియోకాండే, రాత్రింబవళ్లు ఇలా వచ్చిన న్యూట్రినోలతోనే సూర్యుడి బొమ్మను గీసింది. అంత నీటిలో సూర్యుడివి రోజుకు సుమారు 15 మాత్రమే చిక్కేవి. సూర్యుడు అస్తమించాక కూడా కాళ్ల కిందికి తిరిగి సూర్యుణ్ణి చూడగలిగే కన్ను మనుషులకు ఉంది అన్న మాట చెప్పేటప్పుడు ఇన్నేళ్ల తర్వాత కూడా నా గొంతు కాస్త వణుకుతుంది.

అయితే భూమి వాటిని బొత్తిగా తాకదని చెప్పడం పూర్తి నిజం కాదు. న్యూట్రినోలు మూడు రకాలు. ప్రయాణంలో ఒక రకం మరో రకంగా మారుతూ ఉంటుంది. పదార్థంలోని ఎలక్ట్రాన్లు న్యూట్రినోను ఢీకొనకపోయినా, ఈ మారే తీరును కొద్దిగా సవరిస్తాయి. దాని ఫలితంగా, భూమిలోంచి వచ్చే రాత్రి న్యూట్రినోల్లో ఎలక్ట్రాన్ రకం పగటికన్నా సుమారు 3 శాతం ఎక్కువగా కనబడుతున్న సూచనలు సూపర్ కామియోకాండేలో లభించాయి. ఊరు దాటి వెళ్లిన బాటసారిని ఎవరూ ఆపలేదు, కానీ అతని కండువా మీద ఆ ఊరి దుమ్ము కొంచెం పడింది.

మరి న్యూట్రినోను ఆపగలిగేది ఏదైనా ఉందా? రెండు ఉన్నాయి. మొదటిది, న్యూట్రినో శక్తిని పెంచడం. ఇందాకటి చేబదులు లెక్కలో చేతి సొమ్ము పెరిగితే అప్పు సులువుగా పుట్టినట్టే, శక్తి పెరిగే కొద్దీ న్యూట్రినో తగిలే అవకాశం పెరుగుతుంది. సుమారు 40 లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర భూమిని నిలువునా దాటడం దానికి కష్టమవుతుంది. దక్షిణ ధ్రువంలో ఒక ఘన కిలోమీటరు మంచులో 5,160 పరికరాలు దించి కట్టిన ఐస్‌క్యూబ్, భూమి ఇలా న్యూట్రినోలను మింగడాన్ని కొలిచి 2017లో ప్రకటించింది. అంటే భూమి న్యూట్రినోకు అడ్డుగోడ కాగలదు, వచ్చేది తగినంత జోరుగా వస్తే. మామూలు అనుభవంలో జోరుగా వచ్చేది గోడను బద్దలు కొట్టుకుని పోతుంది. ఇక్కడ నెమ్మదిగా వచ్చేది దాటుతుంది, జోరుగా వచ్చేది చిక్కుతుంది. ఈ తిరకాసును పిల్లలు చాలా ఇష్టపడతారు.

రెండోది, పదార్థాన్ని ఊహకందనంతగా కుదించడం. పెద్ద నక్షత్రం ఆయువు తీరి దాని గర్భం కూలినప్పుడు, చక్కెర పలుకంత చోటులో లక్షల టన్నులు ఇరుక్కునే సాంద్రత ఏర్పడుతుంది. అక్కడ న్యూట్రినో కూడా కొద్ది మీటర్లకో, అంతకన్నా తక్కువకో తగులుకుంటూ పోవాలి. ఇది కాగితం మీది లెక్క కాదు. 1987 ఫిబ్రవరి 23న మన పాలపుంత పక్కనున్న చిన్న గెలాక్సీ అయిన పెద్ద మెజలానిక్ మేఘంలో పేలిన నక్షత్రం నుంచి వచ్చిన న్యూట్రినోలు జపాన్, అమెరికా, రష్యాల్లోని పరికరాల్లో కలిపి పాతికకు దగ్గరగా చిక్కాయి. అడ్డు లేకపోతే కొన్ని పదుల కిలోమీటర్ల గర్భాన్ని దాటడానికి వాటికి సెకనులో వెయ్యో వంతు చాలు. కానీ అవి పది సెకన్లకు పైగా విడివిడిగా వచ్చాయి. సీసపు గోడలను లెక్కచేయనివి, పుట్టిన ఇంటి గుమ్మం దగ్గర మాత్రం సిరిమాను నాటి వీధిలోలాగా ఒరుసుకుంటూ బయటపడ్డాయన్నమాట. ఆ పైన సుమారు 1.68 లక్షల కాంతి సంవత్సరాలు ఎక్కడా ఆగలేదు. చివర్లో భూమిని దక్షిణం వైపు నుంచి చొచ్చుకుని, అడుగు నుంచి ఆ పరికరాల్లోకి వచ్చాయి.

ఒంట్లోంచి వెళ్లేవాటితో హాని ఉందా అని తల్లిదండ్రులు అడిగారని కూడా రాశారు. ఒక మనిషి జీవితకాలంలో ఒక్క న్యూట్రినో మాత్రమే తగులుతుందన్న మాట చాలాచోట్ల కనబడుతుంది. కొలతలను బట్టి చూస్తే సూర్యుడి న్యూట్రినోల విషయంలో అది సరికాదు. ఇటలీలోని బోరెక్సినో ప్రయోగంలో, 100 టన్నుల ద్రవంలోని ఎలక్ట్రాన్లకు సూర్యుడిలోని రెండు ప్రధాన కేంద్రక చర్యల్లో పుట్టిన న్యూట్రినోలు కలిపి రోజుకు సుమారు 180 సార్లు తగులుతున్నట్టు తేలింది. ఆ లెక్కను 60 కిలోల మనిషికి వర్తింపజేస్తే, వారం పది రోజులకు ఒకసారి ఒక న్యూట్రినో ఒంట్లోని ఒక ఎలక్ట్రాన్‌ను తడుతుంది. ఆ ఒక్కటి తట్టేలోగా ఒంట్లోంచి వెళ్లిపోయినవాటి సంఖ్య 25 పక్కన 19 సున్నాలు. అదే వ్యవధిలో మన ఎముకల్లో, కండల్లో సహజంగా ఉండే పొటాషియం 40 అనే రేడియోధార్మిక పరమాణువులు దాదాపు 300 కోట్లు విఘటనం చెందుతాయి, వాటితోనే మనం పుట్టి పెరిగి ముసలివారమవుతున్నాం. కాబట్టి ఆ ఒక్క తట్టును ఎవరూ పట్టించుకోనక్కర్లేదు.

పొటాషియం ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఆ అమ్మాయికి చెప్పవలసినది ఒకటి మిగిలింది. అరటిపండులోనూ, ఉద్దానం కొబ్బరి నీళ్లలోనూ ఉండేది ఈ పొటాషియమే. అందులో పొటాషియం 40 పరమాణువు విఘటనం చెందిన ప్రతిసారీ ఒక న్యూట్రినో గానీ యాంటీన్యూట్రినో గానీ పుడుతుంది. 45 కిలోల అమ్మాయి ఒంట్లో ఇవి సెకనుకు సుమారు 2,800 పుడుతుంటాయి. ఆమె గోడకు ఆనుకుని నిలబడితే వాటిలో ఇంచుమించు సగం ఆ గోడలోంచే వెళతాయి. ఉదయం మొదటి పీరియడ్‌లో బయలుదేరినవి, ఆమె మధ్యాహ్న భోజనం ముగించి కుళాయి దగ్గర చేతులు కడుక్కునే వేళకు నెప్ట్యూన్ కక్ష్యంత దూరం దాటి ఉంటాయి.